చెల్లి గేమింగ్ ల్యాప్‌టాప్‌లో రెండో ర్యామ్: కింగ్‌స్టన్ 8 జీబీ డీడీఆర్4 3200 రివ్యూ

ముందు అసలు మాట చెప్పేస్తాను. గేమింగ్ ల్యాప్‌టాప్‌లో 8 జీబీ ర్యామ్ ఒకే స్టిక్‌గా ఉండి, పక్క స్లాట్ ఖాళీగా ఉంటే, అందులో ఇంకో 8 జీబీ వేయడాన్ని మించిన మంచి ఖర్చు నాకు తెలిసి లేదు. కూలింగ్ ప్యాడ్ అయినా, గేమింగ్ మౌస్ అయినా దాని తర్వాతే. మేం వేసింది కింగ్‌స్టన్ వాల్యూర్యామ్. పార్ట్ నంబర్ కేవీఆర్32ఎస్22ఎస్8/8. ఆ నంబర్ చివర ఉన్న ఎస్8 గురించి కింద వివరంగా రాస్తాను. నా దృష్టిలో ఈ రివ్యూలో ముఖ్యమైన సంగతి అదే.

ల్యాప్‌టాప్ మా చెల్లిది. కరీంనగర్‌లో బీటెక్ చదువుతోంది. రైజెన్ 5 5600హెచ్ ప్రాసెసర్, 4 జీబీ జీటీఎక్స్ 1650 గ్రాఫిక్స్ కార్డు. ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ రేసింగ్ గేమ్ అంటే దానికి ప్రాణం. 1080పీలో మీడియం సెట్టింగ్స్ పెడితే ఎడారిలో, హైవే మీద బాగానే నడిచేది. కారు గేమ్‌లోని గ్వానాహ్వాటో ఊళ్ళోకి దిగిందంటే మాత్రం బొమ్మ ఒక్క క్షణం బిగుసుకుపోయి, మళ్ళీ కదిలేసరికి కారు గోడకు తగిలి ఉండేది. "అన్నా, సరిగ్గా మలుపు కాడనే ఆగుతుంది చూడు" అని వీడియో తీసి పంపేది. గ్రాఫిక్స్ తగ్గించినా ఆ ఆగడం ఆగలేదు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. కార్డు చాలకపోతే సెట్టింగ్స్ తగ్గించినప్పుడు ఎంతో కొంత తేడా కనిపించాలి కదా.

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, దాని కింద మెమరీ తెరిచి చూశాం. గేమ్ నడుస్తుంటే మెమరీ 90 శాతం పైనే ఉంది. బ్రౌజర్, ఆడుతూ స్నేహితులతో మాట్లాడుకునే డిస్కార్డ్ యాప్ కూడా తెరిచి ఉన్నాయి. అవి లేకుండా చెల్లి ఆడదు, ఆడమనడం కూడా న్యాయం కాదు. ర్యామ్ నిండిపోతే విండోస్ మిగతా సరుకును ఎస్‌ఎస్‌డీ మీది పేజ్ ఫైల్‌లోకి తోస్తుంది. ఎస్‌ఎస్‌డీ ఎంత వేగమైనదైనా ర్యామ్ ముందు చాలా నెమ్మది. ఊళ్ళోకి రాగానే గేమ్‌కి ఒక్కసారిగా బోలెడు డేటా కావాలి, అది అక్కడి నుంచి వచ్చేదాకా బొమ్మ ఆగుతుంది. అదే స్క్రీన్‌లో కింద 'స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2' అని కూడా ఉంది. ర్యామ్ కొనే ముందు చూడాల్సిన లైన్ అదే.

ఒకే స్టిక్ ఉంటే ఇంకో నష్టం కూడా ఉంది. డీడీఆర్4 అంటే ర్యామ్ తరం, 3200 అంటే దాని స్పీడ్. ఆ స్టిక్ ఒక్కటే ఉంటే డేటా పోయే దారి 64 బిట్లు, సెకనుకు గరిష్ఠంగా 25.6 జీబీ. రెండు స్లాట్లలో చెరొకటి ఉంటే డ్యూయల్ చానెల్, అంటే రెండు దారులూ ఒకేసారి పనిచేసి అది 51.2 జీబీ అవుతుంది. అందుకే పాత 8 తీసేసి ఒకే 16 జీబీ స్టిక్ వేయించుకోమని ఎవరైనా అంటే నేను వద్దంటాను. కెపాసిటీ పెరుగుతుంది గానీ దారి వెడల్పు మారదు.

చెల్లి సెలవులకు వచ్చినప్పుడు ఇద్దరం సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాం. కంప్యూటర్ సామాన్లకు హైదరాబాద్ వాళ్ళకు సీటీసీ అంటే తెలిసిందే. మొదట అడిగిన షాపులో అదే 3200, అదే 8 జీబీ అని ఒక ప్యాకెట్ చేతిలో పెట్టారు. నంబర్ చూస్తే చివర ఎస్6 ఉంది. ఎస్8 కావాలంటే "రెండూ ఒకటే అన్నా, 3200 అంటే 3200 ఏ కదా" అన్నారు.

ఒకటి కాదు. 64 బిట్ల దారిని ఎనిమిది చిప్పులతో, ఒక్కో చిప్పుకు 8 బిట్లు చొప్పున నింపవచ్చు. నాలుగు చిప్పులతో, ఒక్కోదానికి 16 బిట్లు చొప్పున కూడా నింపవచ్చు. మొదటి రకాన్ని లేబుల్ మీద 1ఆర్‌ఎక్స్8 అని, రెండో రకాన్ని 1ఆర్‌ఎక్స్16 అని రాస్తారు. డీడీఆర్4లో 8 బిట్ల చిప్పుకు నాలుగు బ్యాంక్ గ్రూపులు (చిప్పు లోపలి మెమరీ విభాగాలు) ఉంటాయి, 16 బిట్ల చిప్పుకు రెండే. గ్రూపులు తక్కువైతే ఒక పని జరుగుతుండగా పక్క గ్రూపులో ఇంకో పని అందుకునే వీలు తగ్గుతుంది. బాక్స్ మీద స్పీడ్ ఒకటే కనిపించినా గేముల్లో రెండో రకం వెనకబడుతుంది. కింగ్‌స్టన్ వాల్యూర్యామ్ నంబర్‌లో ఎస్8 అంటే మొదటి రకం, ఎస్6 అంటే రెండోది. ఈ సంగతి తెలుసుకోకుండా బ్రాండ్, స్పీడ్ మాత్రమే చూసి కొంటే సగం సమాచారంతో కొన్నట్టే.

రెండో షాపాయన పెద్దమనిషి. నాతో కాదు, నేరుగా చెల్లితోనే మాట్లాడాడు. "చెల్లె, ఏం గేమ్స్ ఆడుతవ్? పాత ర్యామ్ ఫోటో ఉంటే చూపియ్" అన్నాడు. ఫోటోలో శామ్‌సంగ్ స్టిక్ మీద '1ఆర్‌ఎక్స్8 పీసీ4-3200ఏఏ' అని చూసి, "ఇగ గిదే తీస్కో. ఎస్6 అయితే అగ్గువకు వస్తది గానీ గేమ్స్‌కి వద్దు" అని లోపలి నుంచి ఎస్8 తెప్పించాడు. బిల్లు మీద పార్ట్ నంబర్ మొత్తం రాసిచ్చాడు. ఇలా అడిగి ఇచ్చేవాళ్ళు దొరికితే ఆన్‌లైన్‌లో వందో రెండొందలో తక్కువకు వచ్చినా నేను షాపుకే వెళ్తాను.

బిగించడం ఇంట్లోనే. ఛార్జర్ తీసి, షట్‌డౌన్ చేసి, వెనక స్క్రూలు విప్పి, మూతను ప్లాస్టిక్ కార్డుతో అంచు వెంట మెల్లగా లేపాం. మూత తీశాక అన్నిటికంటే ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. కొత్త స్టిక్ గాడిని స్లాట్‌లోని మిట్టకు సరిపెట్టి, ఏటవాలుగా బంగారు రంగు కాంటాక్టులు దాదాపు కనిపించనంత లోపలికి తోయాలి. తర్వాత కిందికి నొక్కితే రెండు పక్కలా క్లిప్పులు టక్కుమని పడతాయి. రెండూ పడాలి. ఒక్కటే పడితే తీసి మళ్ళీ పెట్టాలి. ఆన్ చేశాక కాసేపు స్క్రీన్ నల్లగానే ఉంటే టెన్షన్ పడొద్దు. బోర్డు కొత్త ర్యామ్‌ను సరిచూసుకునే సమయం అది, ఆ టైమ్‌లో పవర్ బటన్ నొక్కిపెట్టి ఆపొద్దు. ఆ రాత్రి ర్యామ్‌లో లోపాలు వెతికే మెమ్‌టెస్ట్86 అనే ప్రోగ్రామ్ పెట్టి వదిలేశాం, ఒక్క ఎర్రర్ కూడా రాలేదు.

ఫలితం విషయానికొస్తే, ఫోర్జాలో సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు) 60 దగ్గర ఉండేది 70 దగ్గరకు వచ్చింది. ఇది చూసి ఇంతేనా అనుకోవచ్చు. కానీ చూడాల్సింది '1 శాతం లో' (low) అనే అంకె. అంటే అన్నిటికంటే నెమ్మదిగా వచ్చిన ఫ్రేముల లెక్క. అది 30 చుట్టుపక్కల ఉండేది, ఇప్పుడు 50 దాటింది. గ్వానాహ్వాటో సందుల్లో కారు ఆగకుండా తిరుగుతోంది. వాలరెంట్ లాంటి, ప్రాసెసర్ మీదే ఆధారపడే గేముల్లో సగటు కూడా బాగా పెరిగింది. డిస్కార్డ్, బ్రౌజర్ ఎప్పటిలాగే తెరిచే ఉంటున్నాయి, మెమరీ మాత్రం 70 శాతం లోపే.

ఇది మార్చలేనివీ ఉన్నాయి. కార్డులోని 4 జీబీ వీడియో మెమరీ 4 జీబీనే. టెక్స్చర్స్ హైలో పెడితే చాలా కొత్త గేముల్లో ఇప్పటికీ తడబాటు వస్తుంది, దానికి ర్యామ్ మందు కాదు. ఇప్పటికే రెండు 8లు ఉండి సగటు ఎఫ్‌పీఎస్ తక్కువగా ఉందంటే లోటు కార్డులో ఉన్నట్టే. అలాంటప్పుడు 32 జీబీకి పోవద్దు, డబ్బు దాచుకోండి. విడిగా కార్డు లేకుండా ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌తోనే ఆడేవాళ్ళకు మాత్రం రెండో స్టిక్‌తో వచ్చే లాభం మాకంటే ఎక్కువే. ఎందుకంటే ఆ గ్రాఫిక్స్‌కి ఉన్న మెమరీ ఈ ర్యామే. సన్నటి ల్యాప్‌టాప్‌లలో ఎల్‌పీడీడీఆర్ ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తారు, అక్కడ చేయగలిగింది లేదు. డీడీఆర్5 స్లాట్‌లో డీడీఆర్4 ఎక్కదు, గాడి చోటే వేరు.

ఇక ధర. ఒకప్పుడు రెండు వేలకు అటూఇటూగా దొరికిన స్టిక్ ఇది. ఏఐ సర్వర్ల గిరాకీతో 2025 చివర్లో మెమరీ ధరలు ఎగిశాయి. క్రూషియల్ పేరుతో మనకు ర్యామ్ అమ్మిన మైక్రాన్ కూడా ఆ డిసెంబరులోనే ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది. మేం పాత ధరకు రెండింతల కంటే ఎక్కువే పెట్టాం. ఆ ధరకు కూడా నేను ఇది కొనమనే చెప్తాను, ఒక్క స్టిక్‌తో నడుస్తున్న వాళ్ళకు మాత్రమే. బడ్జెట్ కుదరకపోతే పాత ల్యాప్‌టాప్‌ల నుంచి తీసిన శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్ స్టిక్కులు సీటీసీలో అడగండి. లేబుల్ మీద 1ఆర్‌ఎక్స్8 ఉందో లేదో చూసి, మార్చి ఇస్తామన్న గడువు బిల్లు మీద రాయించుకుని, ఆ గడువు లోపలే మెమ్‌టెస్ట్ నడపండి.