జపాన్ పోస్టర్లు అమ్మే ఆ పెద్దమనిషి దగ్గర కొనకండి

ఎవరి గురించో మీకు తెలుసు, పేరు రాయనక్కర్లేదు. 1969లో షోచికు సంస్థ విడుదల చేసిన మొదటి తోరా-సాన్ సినిమా పోస్టర్, అసలు ముద్రణే అంటే నమ్మి రూ.18,000 పంపాను. జపాన్ హాస్యనటుడు కియోషి అత్సుమి 1995 వరకు 48 సినిమాల్లో వేసిన దేశదిమ్మరి పాత్ర ఈ తోరా-సాన్. ఆ వరుసలో మొదటిది దొరుకుతుందంటే బేరమాడాలని ఎవరికి తోస్తుంది?

పొట్లం విప్పితే పెళ్లి శుభలేఖలా తళతళలాడుతున్న కాగితం. జపాన్ థియేటర్ పోస్టర్ మామూలుగా బీ2, అంటే 51.5 × 72.8 సెంటీమీటర్లు. కొలిచి చూస్తే ఇది అంతకన్నా చిన్నదైన ఏ2. భూతద్దం పెడితే అచ్చుయంత్రంపై వేసే ఆఫ్‌సెట్ ముద్రణలో వరసగా కనిపించే చుక్కలు లేవు, ఇంక్‌జెట్ ప్రింటర్ చిలకరించిన రంగు తప్ప.

అడిగితే వచ్చిన జవాబు: "అసలుది అని నేనెక్కడ రాశాను?" వెళ్లి చూద్దును కదా, ప్రకటనలో "1969 నాటి ముద్రణ" అన్న మాట "పాత తరహా పోస్టర్"గా మారిపోయి ఉంది! నా డబ్బు అందాకే మార్చాడు. కూరగాయల చీటీ కూడా దాచుకునే నేను ఆ ప్రకటనను మాత్రం ఫొటో తీసి పెట్టుకోలేదు. భలే తెలివి.

అంతటితో ఆగితే బాగుండేది. "జపాన్ కామెడీ మీకేం అర్థమవుతుంది సార్, గోడకు అందంగా ఉంటే చాలదా" అని ఇంకో సందేశం. డబ్బు పోయినందుకన్నా దీనికే ఒళ్లు మండింది. తోరా-సాన్ గళ్ల కోటు, పొట్టకు పట్టీ, చేతిలో పెట్టెతో టోక్యోలోని షిబామాతాలో బాబాయి నడిపే దాంగో మిఠాయి కొట్టుకు రావడం, వచ్చీ రాగానే పోట్లాడి, ఎవరో ఒకరిని ప్రేమించి భంగపడి, మళ్లీ పెట్టె పట్టుకుని వెళ్లిపోవడం... ఇది అర్థం కావడానికి జపనీస్ రావాలా? అలాంటి బాబాయిలూ అలాంటి అబ్బాయిలూ మన ఇళ్లలో లేరా? ఆ మాటకొస్తే తోరా-సాన్ కూడా జాతరల్లో మాటల గారడీతో సరుకు అమ్ముకునేవాడే. కానీ జనం నవ్వుతూ కొనేవారు.

ఈ ఉదయం అదే పోస్టర్ మళ్లీ పెట్టాడు, "ఒక్కటే మిగిలింది" అట.

ఎవరి దగ్గరైనా సరే, కొనేముందు పోస్టర్ పక్కన కొలత టేపు పెట్టిన ఫొటో, అంచుల్లోని అక్షరాలను బాగా దగ్గరగా తీసిన ఫొటో అడగండి. ప్రకటనను దాచుకున్నాకే డబ్బు పంపండి.