పై ప్యాడ్ వేరు, అడుగు ప్యాడ్ వేరు: 20 శాతం గ్లైకాలిక్ పీల్ ప్యాడ్లతో ఏడాదిన్నర

ముఖం మీది మృతచర్మం తొలగించడానికి గ్లైకాలిక్ ఆమ్లంలో తడిపి డబ్బాలో పేర్చి అమ్మే ఈ ప్యాడ్ల మీద నా ఫిర్యాదు ఒక్కటే. డబ్బాలో పైన ఉన్న ప్యాడ్, అడుగున ఉన్న ప్యాడ్ ఒకే వస్తువు కావు. లేబుల్ మీద మాత్రం యాభై ప్యాడ్లకూ కలిపి ఒకే మాట రాసి ఉంటుంది: శుభ్రమైన ముఖానికి అద్దుకుని రెండు నిమిషాల తర్వాత కడుక్కోవాలి. ఆ రెండు నిమిషాలు ఏ ప్యాడ్‌కు సరిపోతాయో, ఏ ప్యాడ్‌కు ఎక్కువవుతాయో నాకు తెలిసివచ్చేసరికి నా పై పెదవి మీద చిటికెన వేలి గోరంత మేర చర్మం కాలిపోయింది.

నేను నల్గొండలో ఉంటాను. తిప్పర్తి వైపు ఒక ఉన్నత పాఠశాలలో భౌతిక రసాయన శాస్త్రాలు బోధిస్తాను, రోజూ స్కూటీ మీదే వెళ్లి వస్తాను. చామనఛాయ మనిషిని. మొటిమలు తగ్గినా వాటి మచ్చలు గడ్డం మీద నెలల తరబడి నిలిచిపోయేవి, ముక్కుకు రెండు పక్కలా చర్మం గరుకుగా ఉండేది. 2023 సెప్టెంబరులో ఈ డబ్బాలు రెండు ఒకేసారి తెప్పించుకుని, వారానికి ఒక ప్యాడ్ చొప్పున శనివారం రాత్రి వాడడం మొదలుపెట్టాను. నెలన్నర తిరిగేసరికి సద్దుల బతుకమ్మ వచ్చింది. ఆ రోజు నన్ను దగ్గరగా చూసి మా చెల్లెలు, "ఏం రాసుకుంటున్నవక్కా, మొహం గింత నున్నగైంది?" అని అడిగితే, మచ్చలు కూడా పోతున్నాయని, నువ్వూ తెప్పించుకోమని గట్టిగా చెప్పాను.

ఆ మాటను ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. గరుకుదనం పోయిందన్నది నిజం. మొదటి మూడు నాలుగు వారాల్లోనే, ముఖం కడుక్కునేటప్పుడు వేళ్లకు ఆ తేడా తెలిసింది. చర్మం పైపొరను తొలగించడానికి వాడే ఆల్ఫా హైడ్రాక్సీ ఆమ్లాల్లో గ్లైకాలిక్ అణువే అన్నిటికంటే చిన్నది కనుక చర్మంలోకి త్వరగా దిగుతుంది, పైపొరలోని మృతకణాల మధ్య పట్టును సడలిస్తుంది, కాబట్టి నున్నదనం రావడంలో ఆశ్చర్యం లేదు. మచ్చలు మాత్రం పోలేదు, పలచబడ్డాయి. పైగా సన్‌స్క్రీన్ క్రమం తప్పకుండా రాయడం కూడా నేను ఆ సెప్టెంబరులోనే మొదలుపెట్టాను, ఆపైన వచ్చినవి ఎండ మెత్తబడే నెలలు. ఆ పలచబడడంలో ప్యాడ్ల వాటా ఎంతో విడదీసి చెప్పడం నా వల్ల కాదు.

జనవరి నుంచి ధైర్యం పెరిగి వారానికి రెండు వాడాను. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మిగిలిన నెలల్లో సాయంత్రం చల్లబడ్డాక ఇంటికి వచ్చే నేను, ఒంటిపూట బడుల్లో సరిగ్గా మిట్టమధ్యాహ్నం పన్నెండున్నరకు బండి తీస్తాను. నల్గొండ ఎండ సంగతి ఇక్కడివారికి చెప్పనక్కర లేదు. చున్నీ కట్టుకున్నా వేడిగాలి ముక్కు దగ్గర కొడుతూనే ఉంటుంది. అప్పుడే ప్యాడ్లు ఆపవలసింది, ఆపలేదు. 2024 మార్చి ఆఖరి శనివారం నాటికి డబ్బా అడుగున ఏడెనిమిది ప్యాడ్లు మాత్రమే మిగిలాయి. రెండు రోజుల ముందే పై పెదవికి త్రెడ్డింగ్ చేయించుకున్నాను. దారం వెంట్రుకతో పాటు చర్మాన్నీ కొంత గీరుతుందని, ఆ గీరుడు మానకముందే ఆమ్లం తగిలితే ఇంకా లోతుకు దిగుతుందని ఆ రాత్రి నాకు తట్టలేదు.

ప్యాడ్ తీస్తుంటేనే తేడా కనిపించింది. పై ప్యాడ్లు తడిగా మాత్రమే ఉండేవి, ఇది ఎత్తితే చుక్కలు కారింది. నుదురు, చెంపలు, గడ్డం అద్దుకుని చివరికి పై పెదవి మీదికి వచ్చాను, ఫోన్‌లో రెండు నిమిషాలు పెట్టుకున్నాను. ముప్పై నలభై సెకన్లకే పెదవి మీద మంట మొదలైంది. ఎప్పుడూ ఉండే చురచుర కాదది, ఒకేచోట సూది గుచ్చి పట్టుకున్నట్టు ఉంది. "స్వల్పంగా మంట అనిపించడం సహజం" అని డబ్బా మీద ఉన్న వాక్యం గుర్తుకు వచ్చి ఓర్చుకున్నాను. గంట మోగాక అద్దంలో చూస్తే ముక్కు కింద ఎడమ పక్కన చర్మం బూడిదరంగు కలిసిన తెలుపుకు తిరిగింది. ఆమ్లాన్ని క్షారంతో తటస్థీకరించవచ్చని ఏటా పిల్లలకు చెప్పే దానిని కనుక తినే సోడా కోసం వంటింట్లోకి వెళ్లబోయి, తడి చర్మం మీద పొడి రుద్దితే ఇంకా గీసుకుపోతుందని ఆగి, పదిహేను నిమిషాలు నీళ్లే పోసుకున్నాను.

సోమవారానికి ఆ చోట నల్లటి చెక్కు కట్టింది. "పెదవి మీద బొగ్గంటుకున్నట్టున్నది బిడ్డా, తుడుసుకో" అని మా అత్తమ్మ కొంగు తడిపి తెచ్చింది. బడిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, "మేడం, మూతి మీద గదేంది, కాలిందా?" అని అడిగింది. చర్మవైద్యురాలికి చూపించుకుంటే, చెక్కును గిల్లవద్దని, వాజిలిన్ తప్ప మరేదీ రాయవద్దని, మన రంగు చర్మం ఎక్కడ కాలినా వాపు తగ్గిన తర్వాత అక్కడ నల్లమచ్చ వేస్తుందని చెప్పారు. ఆమె అన్నట్టే అయింది. చెక్కు వారానికి ఊడింది, మచ్చ పోవడానికి మాత్రం ఆగస్టు దాకా పట్టింది. మచ్చలు తగ్గించుకోవడానికి కొన్న వస్తువే అయిదు నెలల పాటు కొత్త మచ్చ మోయించింది, నా బాధ అదే.

ఆ వేసవి సెలవుల్లో రెండో డబ్బాను విప్పి, బడి ప్రయోగశాలలోని త్రాసు మీద ప్యాడ్లు తూచాను. పై నుంచి మూడు తీస్తే ఒక్కొక్కటి రెండు గ్రాములకు అటూ ఇటూగా ఉన్నాయి. అడుగు మూడూ నాలుగు గ్రాములు దాటాయి. డబ్బా నెలల తరబడి నిలబడి ఉంటే ద్రవం కిందికి దిగుతుంది, అంతే. మూత సరిగ్గా బిగించకపోతే నీరు, ఆల్కహాల్ ఆవిరవుతాయి, ఆమ్లం మిగిలిపోతుంది కాబట్టి గాఢత కూడా పెరుగుతుంది. ఆమ్ల తీవ్రతను రంగుతో చూపే సార్వత్రిక సూచిక కాగితాన్ని తాకిస్తే ఎర్రబడింది, రంగుపట్టీలో పి.హెచ్. (ఎంత తగ్గితే ఆమ్లం అంత తీవ్రమని చెప్పే అంకె) రెండుకు, మూడుకు మధ్య ఎక్కడో నిలిచింది. డబ్బా మీద శాతం పెద్ద అక్షరాల్లో ఉంది, పి.హెచ్. ఎక్కడా లేదు. చర్మంలోకి ఎంత ఆమ్లం పోతుందన్నది శాతం ఒక్కటే తేల్చే విషయం కాదు, పి.హెచ్. తెలియకుండా ఆ అంకె సగం సమాచారమే. అమెరికాలో సౌందర్య సాధనాల భద్రతను సమీక్షించే నిపుణుల బృందం 1998లోనే, ఇంట్లో వాడే ఉత్పత్తుల్లో ఈ ఆమ్లం 10 శాతం మించరాదని, పి.హెచ్. 3.5కు తగ్గరాదని చెప్పిందని తర్వాత చదివాను. అక్కడి ప్రభుత్వ నియంత్రణ సంస్థ కూడా, ఇలాంటివి వాడేటప్పుడే కాక మానిన తర్వాత ఒక వారం దాకా ఎండ తగలకుండా చూసుకోవాలని లేబుల్ మీద రాయవలసిందిగా 2005లో సూచించింది. నా డబ్బా మీద ఎండ మాట చిన్న అక్షరాల్లో అడుగున ఉంది.

ఇంత జరిగాక కూడా 2024 అక్టోబరులో మళ్లీ మొదలుపెట్టాను, ఎందుకంటే ఆ నున్నదనం నాకు నిజంగా ఇష్టం. ఇప్పుడు డబ్బాను ముందురోజు రాత్రి పళ్లెంలో తలకిందులుగా పెట్టి, ఉదయాన్నే నిలబెడతాను. ప్యాడ్‌ను చిన్న పట్టకారుతో డబ్బా అంచుకు ఒత్తి, చుక్క రాలదని చూసుకున్న తర్వాతే ముఖానికి తాకిస్తాను. ముక్కు మడతల్లో, పెదవి మూలల్లో, కళ్ల చుట్టూ ముందుగా వాజిలిన్ రాస్తాను. త్రెడ్డింగ్‌కు, ప్యాడ్‌కు మధ్య వారం వదులుతాను, పై పెదవిని అసలు ముట్టుకోను. రెండు నిమిషాలు కాదు, ఒక్క నిమిషమే, అదీ పది రోజులకు ఒకసారి. మా బోరు నీళ్లు చర్మాన్ని బిగబట్టేస్తాయి కనుక చివరి కడుగుడు క్యాన్ నీళ్లతో కానిస్తున్నాను. ఫిబ్రవరి ఆఖరుకు డబ్బా అలమరలోకి వెళ్లింది.

నాలాగా చామనఛాయ ఉండి, ఎండలో బండి నడిపేవారికి నేనైతే 20 శాతం ప్యాడ్లు చెప్పను, 10 శాతం లోపు ఉండి పి.హెచ్. రాసిన సీసా చూసుకోమంటాను. సీసాలో ద్రవం అంతా ఒకటే, మూత బిగించి ఉంచితే చివరి చుక్క దాకా అదే గాఢత. నీడపట్టున ఉద్యోగం చేసేవారికి, ఇదివరకు తక్కువ శాతం వాడి అలవాటున్నవారికి ఇవి సరిపోవచ్చు. మా చెల్లెలికి మాత్రం ఫోన్ చేసి, డబ్బా సగానికి వచ్చిందా అని అడిగాను. వచ్చిందంది. అడుగువాటిని పారేయమన్నాను.