అక్షరాల కిట్ కొనేముందు 'క' కార్డు ఫోటో అడగండి

ఇంట్లోనే పిల్లలకి అక్షరాలు నేర్పుకుందాం అనుకునే అమ్మానాన్నలకి ఈ పోస్టు. "మూడు నుంచి ఆరేళ్ళ పిల్లలకి సంపూర్ణ అక్షరమాల, హోమ్‌స్కూల్ యాక్టివిటీ కిట్" అంటూ ఆన్‌లైన్‌లో కనిపించిన రంగురంగుల పెట్టె ఒకటి, రివ్యూలు చదివి, వీడియో చూసి, రెండు రోజులు ఆలోచించి మరీ కొన్నాను. అమ్మినవాళ్ళ పేరు రాయట్లేదు. పెట్టె మీద పేరు రేపు మారిపోవచ్చు, అందుకే లోపల సరుకు ఎలా ఉందో చెప్తాను.

మావాడికి నాలుగేళ్ళు. పెట్టె విప్పగానే 'క' కార్డు తీసి ఇదేంటి నాన్నా అని అడిగితే, బొమ్మ చూసి "గాలిపటం" అన్నాడు. వాడి తప్పేం లేదు, అక్కడ ఉన్నది గాలిపటమే. కింద మాత్రం "కైట్" అని తెలుగు అక్షరాల్లో అచ్చేశారు! 'గ' తీస్తే మేక, 'ల' తీస్తే సింహం. గోట్, లయన్ అన్నమాట. ఇంగ్లీషు కిట్‌లో బొమ్మలు అలాగే ఉంచేసి పైన అక్షరం మార్చి అమ్మేస్తున్నారని అప్పటికిగానీ నాకు వెలగలేదు. అన్నిటికంటే ఒళ్ళు మండింది 'ఎ' కార్డు దగ్గర. దాని మీద ఏనుగు. ఎలిఫెంట్‌కి 'ఎ' సరిపోతుందేమోగానీ మన ఏనుగుకి 'ఏ' కదా కావాలి! ఎలుక, ఏనుగు అని చెప్పి చెప్పి, హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా వాడి చెవికెక్కించడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఇప్పుడు 'ఎ' చూపించినా 'ఏ' అనే అంటున్నాడు.

తర్వాత కార్డులన్నీ నేల మీద పరిచి ఒక్కొక్కటే చూశాను. 'థ' పొట్టలో చుక్క లేదు, అంటే అది 'ధ' అయి కూర్చుంది, కాబట్టి ఆ పెట్టెలో 'ధ'లు రెండు, 'థ' సున్నా. 'ఠ'కి కూడా చుక్క ఎగిరిపోయి 'ర' అయింది. చెట్టు బొమ్మ కింద "చెట్‌టు", పక్షి కింద "పక్‌షి" అని ఉంది. తెలుగు ఒత్తులు కలపడం రాని డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో టైపు చేస్తే అక్షరాలు ఇలాగే విడిపోతాయి. తెలుగు చదవడం వచ్చినవాళ్ళు ఒక్కరు చూసినా పట్టుకునేవాళ్ళు, అంటే ఎవరూ చూడలేదన్నమాట. దిద్దుకునే షీట్లలో బాణాలు కూడా తలకట్టు దగ్గర మొదలై కిందికి దిగుతున్నాయి. మనం కింద ఆకారం రాసి తలకట్టు ఆఖర్న కదా పెడతాం. ఆ అలవాటు చేతికి పట్టేస్తే మళ్ళీ మాన్పించడం ఎవరి వల్లవుతుంది?

పెట్టె మీద పెద్ద అక్షరాలతో "మాంటిస్సోరి పద్ధతి" అని ఉంటుంది, దాన్ని చూసి పడిపోకండి. అది ఒక పద్ధతికి పేరే తప్ప ఎవరి సొంత బ్రాండూ కాదని అమెరికా ట్రేడ్‌మార్క్ బోర్డు 1967లోనే తేల్చింది, అందుకే ఎవరు పడితే వాళ్ళు వేసుకుంటారు. అసలు ఆ పద్ధతిలో గరుకు కాగితంతో చేసిన అక్షరం మీద పిల్లలు రెండు వేళ్ళతో తడుముతూ దాని శబ్దం పలకాలి. వీళ్ళిచ్చిన గరుకు అక్షరాలు ఏంటో తెలుసా? నున్నటి అట్ట మీద గరుకు కాగితం ఫోటో! వీడియోలో ఆ పిల్లాడు అంత శ్రద్ధగా ఏం తడుముతున్నాడో నాకిప్పటికీ అర్థం కాదు.

నొక్కితే పలికే పుస్తకం సంగతి కూడా చెప్పాలి. దానికి 'ళ' నోరు తిరగదు, 'ల' అనే అంటుంది. దాగుడుమూతలు ఆడుతూ మావాడు "కల్లు మూసుకో నానమ్మా" అనేసరికి మా అత్తయ్య పడీ పడీ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఇంతవరకూ చదువు గొడవ. అసలు టెన్షన్ పెట్టింది అయస్కాంతం అక్షరాలు. మూడో రోజుకి 'మ' వెనక అతికించిన చిన్న బిళ్ళ ఊడి చాప మీద దొరికింది. ఇలాంటివి రెండు మింగితే కడుపులో ఒకదాన్నొకటి లాక్కుని, మధ్యలో పేగు నలిగి చిల్లు పడే ప్రమాదం ఉంది. పలికే పుస్తకం బ్యాటరీ మూతకి స్క్రూ కూడా లేదు, గోటితో తీస్తే వచ్చేస్తోంది. బటన్ బ్యాటరీ పిల్లల గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. ఈ కిట్ ఇప్పటికే మీ ఇంట్లో ఉంటే ముందు ఈ రెండూ పిల్లలకి అందకుండా తీసి పక్కన పెట్టండి, మిగతా కార్డుల సంగతి తీరిగ్గా చూసుకోవచ్చు.

వాపసు అడిగితే సీల్ విప్పిన కిట్ తీసుకోం అన్నారు. సీల్ విప్పకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందండీ? "నచ్చలేదు" అనే కారణం ఎంచుకున్నంతకాలం తిరస్కరిస్తూనే ఉన్నారు. "చెప్పినట్టు లేదు" అని మార్చి 'థ', 'ఎ', "చెట్‌టు" ఫోటోలు జత చేశాక పెట్టె డబ్బులు వెనక్కి వచ్చాయి. దాంతోపాటు కొన్న ప్రింట్ తీసుకునే పీడీఎఫ్‌కి మాత్రం పైసా ఇవ్వలేదు, డౌన్‌లోడ్ చేశాక కుదరదట.

ఏ కిట్ అయినా కొనేముందు అమ్మేవాళ్ళని 'క', 'ఎ' కార్డులు, 'థ' 'ధ' పక్కపక్కన పెట్టినది, ఒత్తు ఉన్న మాట ఒకటి, అయస్కాంతం వెనక వైపు ఫోటో తీసి పంపమనండి. నేను ఈమధ్య ఇంకో కిట్ అమ్మేవాళ్ళని ఇలాగే అడిగితే పెట్టె మూత ఫోటోనే మూడుసార్లు పంపారు.