టైగర్ మాత్, చిప్‌మంక్: ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఏది ముందు నేర్చుకోవాలి?

రెండూ డి హావిలాండ్ కంపెనీ శిక్షణ విమానాలే, రెండింటిలోనూ జిప్సీ మేజర్ ఇంజనే. 1931 నాటి టైగర్ మాత్‌కు బ్రేకులు లేవు, ఫ్లాప్‌లు (నెమ్మదిగా దిగేందుకు రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) లేవు. నేల మీద ముక్కు అడ్డొచ్చి ఎదురుగా ఏముందో కనపడదు. అటూ ఇటూ వంకర్లు తిప్పుతూ ట్యాక్సీ చేయాలి, అంటే నేల మీద నడపాలి. పెట్రోలు ఎంతుందో తెలియాలంటే తలెత్తి, పై రెక్క ట్యాంకు మీదున్న గాజు గొట్టం చూడాలి. నాకు అదంటే ప్రాణం.

1946లో తొలిసారి ఎగిరిన చిప్‌మంక్‌కు ఒకే జత రెక్కలు, మూసిన కాక్‌పిట్, ఫ్లాప్‌లు, చేతి బ్రేకు ఉన్నాయి. లూప్‌లు, రోల్స్ లాంటి గాల్లో పల్టీలు దీంతోనే హాయి.

రెండింటిలోనూ టేకాఫ్‌కి థ్రాటిల్ (ఇంజన్ శక్తి పెంచే మీట) నెట్టగానే ముక్కు కుడికి లాగుతుంది, ఎడమ రడ్డర్ పెడల్ (ముక్కును పక్కకు తిప్పేది) తొక్కాలి. సెస్నా లాంటి చిన్న విమానాల్లో ముక్కు ఎడమకి లాగుతుంది కాబట్టి, వాటికి అలవాటుపడ్డ కాలు మొదట్లో కుడివైపే తొక్కేస్తుంది. రడ్డర్ పెడల్స్ లేకపోతే టైగర్ మాత్ జోలికి వెళ్లకండి, చిప్‌మంక్‌తోనే మొదలుపెట్టండి.