ఫిల్టర్‌కు చిక్కిన చేప: లాగడమా, ఆగడమా, విప్పడమా?

అక్వేరియం ఉన్న ఇంట్లో ఏదో ఒక రోజు ఈ దృశ్యం ఎదురవుతుంది. ఫిల్టర్ నీరు పీల్చుకునే జాలీకి చేప అడ్డంగా అతుక్కుపోయి, మొప్పలు మాత్రం ఆడిస్తూ ఉంటుంది. వెంటనే చెయ్యి పెట్టి లాగేయాలనిపిస్తుంది. లాగడం, కరెంటు తీసి కాసేపు ఆగడం, పరికరాన్నే విప్పడం అనే మూడు మార్గాల్లో ఏది మేలో తేల్చుకోవాలంటే, చేప దేనికి, ఏ తీరున చిక్కిందో ముందు చూడాలి.

లాగడంలో కలిసివచ్చేది వేగం ఒక్కటే. మోటారు నడుస్తుండగా లాగితే ఫిల్టర్ ఒకవైపు, మన వేళ్ళు మరోవైపు చేపను గుంజుతాయి. పొలుసులు ఊడడం, రెక్కలు చీలడం కంటికి కనబడే నష్టం. ఒంటిని కప్పి ఉండే జిగురు పొర చెదిరిపోవడం కనబడనిది. రోగక్రిములను అడ్డుకునేది ఆ పొరే కాబట్టి, ఆ పూట బాగానే ఈదిన చేప కొన్ని రోజులకు దూదిలాంటి తెల్లని బూజుతో కనిపించవచ్చు. పైగా మన ఇళ్ళకు వచ్చేది 230 వోల్టుల కరెంటు. ప్లగ్ తీయకుండా నీళ్ళలో చెయ్యి పెట్టడం మనిషికీ ప్రమాదమే.

జాలీకి అతుక్కున్న చేప విషయంలో నా ఓటు ఆగడానికే. మా ఫైటర్ చేప తోక జాలీ చీలికల్లోకి వెళ్ళిపోయిన రోజున ప్లగ్ తీసి, లైటు ఆర్పి, చేతులు కట్టుకొని నిలబడడం ఎంత కష్టమో నాకు తెలుసు. రెండు నిమిషాల్లో తోక అంచులు, తడిసిన పట్టుబట్ట మడత విచ్చుకున్నట్టు, ఒక్కొక్కటిగా బయటికి వచ్చాయి. చివరి చీలికలో మిగిలిన కొసను అది తానే ఒక్క కుదుపుతో విడిపించుకుంది. చిరిగిన అంచు, నీటిని శుభ్రంగా ఉంచగా, మెల్లగా మళ్ళీ పెరిగింది. ఫిల్టర్‌ను అరగంట ఆపినా అందులోని మేలుచేసే బ్యాక్టీరియాకు ముప్పేమీ ఉండదు. అయితే ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేప మామూలుగా ఆ లాగుడును ఈది తప్పించుకోగలదు కనుక, అది అతుక్కుందంటే ముందే నీరసించి ఉందేమోనని అనుమానించి, చేపల వ్యర్థాల వల్ల నీటిలో చేరే విషం, అమ్మోనియా, ఎంత ఉందో అదే రోజు పరీక్షించడం మంచిది.

చేప పిల్లలు ఫిల్టర్ లోపలికే వెళ్ళిపోతే ఆగి ప్రయోజనం లేదు, విప్పవలసిందే. పుట్టినప్పుడు చాలా చిన్నగా ఉండే గప్పీ పిల్లలు, ట్యాంకు అంచుకు తగిలించే ఫిల్టర్ డబ్బాలోకి చేరి, అక్కడ రోజుల తరబడి బతికి ఉండడం అరుదేమీ కాదు. కరెంటు తీసి, ట్యాంకు నీళ్ళే పోసిన బకెట్‌లో డబ్బాను నిదానంగా ఒంపి, స్పాంజిని పిండే ముందు దాని మడతలన్నీ వెతకాలి. కుళాయి కింద మాత్రం కడగకూడదు, ఎందుకంటే క్లోరిన్ పిల్లలనూ చంపుతుంది, బ్యాక్టీరియానూ చంపుతుంది.

వలకు చిక్కిన సక్కర్ చేప, కోరిడోరస్‌ల సంగతి వేరు. ఇవి మన జెల్లల జాతివే. భయపడితే వీపు మీది ముల్లు, రొమ్ము రెక్కల ముళ్ళు నిక్కబొడుచుకొని బిగుసుకుపోతాయి కాబట్టి, లాగినకొద్దీ వల మరింత పట్టుకుంటుంది. వలను నీళ్ళలోనే ఉంచి కొన్ని నిమిషాలు వదిలేస్తే ముళ్ళు దించి బయటపడవచ్చు. పడకపోతే ముల్లు చుట్టూ వలను చిన్న కత్తెరతో కత్తిరించాలి. చేప ముల్లు విరిగేకన్నా వల పాడవడమే నయం. అసలు ఈ చేపలను వలతో కాక గాజు గిన్నెతో పట్టుకుంటే ఈ తిప్పలే ఉండవు.

ఇక ముందుజాగ్రత్తగా జాలీకి ఏది తొడగాలి, స్పాంజా, స్టీలు జల్లెడా? స్టీలుది త్వరగా పూడుకుపోదు, కడగడం తేలిక, పెద్ద చేపలకు చాలు. పిల్లలున్న ట్యాంకుకు స్పాంజే కావాలి, ఎందుకంటే అది లాగుడును విశాలంగా పరచి మెత్తబరుస్తుంది. కాకపోతే వారానికొకసారైనా ట్యాంకు నీళ్ళలో పిండకపోతే ప్రవాహం తగ్గి మోటారు వేడెక్కుతుంది. ఆ శ్రమకు ఓర్చుకోగలవారికి నేను చెప్పేది స్పాంజే.