ఆయిల్ తగ్గని జనరేటర్: రెండున్నరేళ్ల వాడకం తర్వాత

సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2 కేవీఏ పెట్రోల్ జనరేటర్ ఇది. తాడు లాగి స్టార్ట్ చేసే రకం. చెన్నై మడిపాక్కంలో ఇంటి అవసరానికి 2023 సెప్టెంబరులో 16,000 రూపాయలకు తీసుకున్నాం. నోట్‌బుక్ లెక్క ప్రకారం ఇప్పటికి 190 గంటలు నడిచింది. వాట్లు, సాకెట్లు, ట్యాంకు సైజు ఏ షాపువాడైనా చెబుతాడు, అవన్నీ వదిలేస్తున్నా. రెండేళ్లపాటు ఎప్పుడు తీసి చూసినా నిండుగా కనిపించిన దాని డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే పుల్ల) గురించే ఇదంతా.

ముందు మంచి మాట. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ, దాటకముందే 3, 4 తేదీల్లో చెన్నైని ముంచేసింది. కరెంటు మూడు రోజులు లేదు. ఫ్రిజ్, మూడు ఫ్యాన్లు, లైట్లు, సంప్ నుంచి నీళ్లెక్కించే అర హెచ్‌పీ మోటార్ అన్నిటినీ ఇదే లాగింది. మోటార్ వేసే ముందు ఫ్రిజ్ ఆపాలి, అంతే. మోటార్ నడిచేటప్పుడు లాగేదానికి స్టార్టింగ్‌లో మూడింతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ అడుగుతుంది. జనరేటర్‌ని గేటు దగ్గర ఆరుబయట పెట్టాం, పైన రేకు అడ్డం. వాన పడుతోందని పోర్టికోలోకో మెట్ల కిందికో లాగితే పొగ ఇంట్లోకే వస్తుంది, దానితో ఆటలొద్దు.

ఆ ఊపులో అడిగినవాళ్లందరికీ చెప్పిన మాట: "చుక్క ఆయిల్ తాగదు." ఈ మాటను కాస్త సవరించాలి. దానికన్నా ముందు, కొనేటప్పుడు ఆయిల్ ఎలా చూశామో చెప్పాలి. అక్కడ చేసిన పనిలో చాలావరకు సరైనదే, ఒక్కటి వదిలేశాం.

పాత జనరేటర్ చూడ్డానికి వెళ్లేముందు అమ్మేవాడికి ఫోన్‌లో ఒకటే చెప్పండి: "అన్నా, మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు." వెళ్లగానే సైలెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఆయన ముందే వేడిచేసి పెట్టాడన్నమాట, చల్లటి ఇంజను స్టార్ట్ అవడానికి ఎంత ఏడుస్తుందో మీకు కనబడదు. కొత్త పెయింట్ చూసి మురిసిపోవద్దు. పైన పటారం లోన లొటారం సామెత ఈ సరుకు కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది. ట్యాపెట్ కవర్ (ఇంజను వాల్వుల మీదుండే మూత) బోల్టుల తలలు చూడండి. వాటి మీద పెయింట్ పగిలి ఉంటే ఇంజను విప్పారు. ఎందుకు విప్పారని అడగండి.

ఆయిల్ చూసేటప్పుడు మిషన్ సమంగా ఉండాలి. చెన్నైలో వాన నీళ్లు లోపలికి రాకుండా ఇంటి ముందు ర్యాంపు కడతారు కదా, దాని మీద పెట్టి చూస్తే లెక్క తప్పు. డిప్‌స్టిక్ తీసి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టి చూడాలి. ఈ ఇంజనులో డిప్‌స్టిక్ ఉన్న మూతను తిప్పి బిగించకుండా, కంత మీద ఊరికే ఆనించి చూడాలి. కొన్ని కంపెనీల ఇంజన్లలో పూర్తిగా బిగించి చూడాలి. ఆనించి చూడాల్సినదాన్ని బిగించి చూస్తే పుల్ల ఇంకా లోతుకి దిగుతుంది, ఆయిల్ తక్కువున్నా నిండుగా కనిపిస్తుంది. మాన్యువల్ చూడకుండా ఈ పని చేయొద్దు. ఈ తరగతి ఇంజన్లలో పట్టేది దాదాపు 600 మి.లీ. మాత్రమే. ఆయిల్ పంపు లేదు, ఫిల్టర్ లేదు. పిస్టన్‌కి తగిలించి ఉండే కనెక్టింగ్ రాడ్ కింద చిన్న గరిటెలాంటిది ఉంటుంది, అది ఆయిల్‌ని చిలకరిస్తుంది, అదే లూబ్రికేషన్. అందుకే 100 మి.లీ. తేడా కూడా ఇక్కడ పెద్ద తేడానే.

నల్లగా ఉంటే భయపడక్కర్లేదు, వాడిన ఆయిల్ నల్లబడుతుంది. భయపడాల్సింది మరీ తేనె రంగులో మెరుస్తుంటే. నిన్న సాయంత్రమే మార్చి ఉంటారు, అందులో ఏమీ కనబడదు. పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్లు కలిశాయి. సముద్రం గాలి, మూలన పడి ఉన్న మిషన్, వరదలో మునిగిన మిషన్, మూడూ ఈ ఊళ్లో మామూలే. వేలికి రాసి ఎండలో చూస్తే వెండి పొడిలా మెరిస్తే లోపల అరుగుతోంది. అయస్కాంతం పెట్టి ఏమీ అంటలేదని ధైర్యపడొద్దు. చిన్న ఇంజన్లలో కనెక్టింగ్ రాడ్ చాలావరకు అల్యూమినియందే, అది అయస్కాంతానికి అంటదు.

పాత చెన్నై షాపుల్లో వాడి వదిలేసిన మిషన్లయితే ఇంకోటి చూడాలి. పెట్రోల్‌తో స్టార్ట్ చేసి కిరోసిన్‌కి మార్చే రకం ఒకప్పుడు బాగా నడిచింది. పక్కన బుల్లి పెట్రోల్ ట్యాంకు కనబడితే అదే. మండని కిరోసిన్ పిస్టన్ చుట్టూ ఉండే రింగుల పక్కనుంచి కిందికి జారి ఆయిల్‌ని పల్చన చేస్తుంది. అలాంటివి ఎంత చవకగా ఇచ్చినా మేం వద్దన్నాం.

తర్వాత వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టె తగిలించి అరగంట నడిపించాం. ఫ్యాను తిప్పి చూపిస్తే అది టెస్టు కాదు. మీటర్ పెడితే ఫ్రీక్వెన్సీ ఖాళీగా 51 హెర్ట్జ్, లోడు మీద 49.5, వోల్టేజీ 230కి అటూ ఇటూ. నీలం పొగ లేదు. ఆపి, ఐదు నిమిషాలాగి మళ్లీ డిప్‌స్టిక్ చూస్తే అదే గీత దగ్గర ఉంది. బేరం కుదిరింది.

వదిలేసిన పని ఇదీ: ఆయిల్ వాసన చూడలేదు.

ఇంటికొచ్చాక ఆయిల్ మార్చాం. 20డబ్ల్యూ-40 గ్రేడు, లీటరు డబ్బా. చెన్నై వేడికి ఇది సరిపోతుంది, 10డబ్ల్యూ-30 అయినా తప్పులేదు. 20 గంటలకు ఒకసారి, తర్వాత 100 గంటలకు ఒకసారి మళ్లీ మార్చాం. మధ్యలో ఎప్పుడు చూసినా నిండుగానే. టాప్ అప్ అవసరమే పడలేదు. దించిన ఆయిల్‌ని కొలవాలన్న ఆలోచన మాత్రం ఎప్పుడూ రాలేదు, నేరుగా మెకానిక్ డ్రమ్ములో పోశాం.

2025 అక్టోబరులో మొదటి వానలకు కరెంటు పోయింది. తాడు లాగితే రాయిలా బరువుగా ఉంది. నాలుగోసారికి స్టార్ట్ అయింది, వీధంతా పొగ. వెంటనే ఆపేసి మూత విప్పితే ఆయిల్ బయటికి పొర్లింది. నీళ్లలా పల్చన, పెట్రోల్ కంపు. ఎయిర్ ఫిల్టర్ స్పంజి నానిపోయి ఉంది. కింది బోల్టు విప్పి గీతలు పెట్టిన వాటర్ బాటిల్లోకి దించి చూశాం. పోసింది 600 మి.లీ., పొర్లిపోయింది పోగా దిగింది 870.

వచ్చిన మెకానిక్ చూస్తూనే రింగులు పోయాయి, బోరు చేయాలి (సిలిండర్ లోపల తొలిచి సరిచేయాలి) అన్నాడు. రింగులు పోతే ఆయిల్ తగ్గాలి గానీ పెరగడమేంటి? ఆయన్ని మర్యాదగా పంపించేసి, పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజనుకిచ్చే కార్బ్యురేటర్ విప్పాం.

జరిగింది ఇదీ. ఈ మిషన్‌లో ట్యాంకు పైన, కార్బ్యురేటర్ కింద. పెట్రోల్ తన బరువుతోనే దిగుతుంది. కార్బ్యురేటర్ గిన్నె నిండగానే అందులో తేలే ఫ్లోట్ లేచి, సూదిలాంటి నీడిల్‌ని నొక్కి దారి మూస్తుంది. నీడిల్ కొన మీదున్న రబ్బరు అరిగి గాడి పడినా, ట్యాంకు తుప్పు రేణువు ఒకటి అక్కడ ఇరుక్కున్నా దారి పూర్తిగా మూసుకోదు. పెట్రోల్ ట్యాప్ తెరిచే ఉంటే రాత్రంతా చుక్క చుక్కగా గిన్నె పొంగుతుంది. సిలిండర్‌లోకి దారి ఇచ్చే ఇన్‌టేక్ వాల్వ్ తెరుచుకుని ఉన్న చోట ఇంజను ఆగి ఉంటే ఆ పెట్రోల్ సిలిండర్‌లోకి, అక్కణ్ణుంచి రింగుల పక్కగా కింది ఆయిల్లోకి. మా నీడిల్ కొన మీద గోటితో తడిమితే తెలిసేంత గాడి ఉంది. పెట్రోల్ ట్యాప్ వెనకవైపు, చెయ్యి పట్టని సందులో ఉంటుంది, కాబట్టి దాన్ని ఎవరూ మూసేవాళ్లు కాదు. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోల్ పాత రబ్బరుకి మంచిది కాదు, గాల్లో తడినీ పీల్చుకుంటుంది. రెండు నెలలు ట్యాంకులో వదిలేస్తే లోపల తుప్పుకి అదే దారి.

అంటే రెండేళ్లూ ఇంజను కొంచెం ఆయిల్ తాగుతూనే ఉంది, పెట్రోల్ కొంచెం దిగుతూనే ఉంది. రెండూ సరిపోయి గీత కదల్లేదు. "చుక్క తాగదు" అని మేం మెచ్చుకున్నది ఆ కల్తీనే.

ఆయిల్ తక్కువైతే ఇంజను ఆపేసే సెన్సర్ ఇందులో ఉంది, నా అసలు కోపం దాని మీదే. ఆ మాట చెప్పి అమ్మేవాళ్లు రెండు వేలు ఎక్కువ అడుగుతారు. లోపల ఉన్నది ఒక తేలే బుడ్డి మాత్రమే. ఎంత ఎత్తున ఉందో చూస్తుంది, ఏముందో దానికి అనవసరం. నీళ్లు పోసినా దానికి సంతోషమే. మిచౌంగ్ రోజుల్లో ర్యాంపు వాలు మీద పెడితే మాత్రం నిండా ఆయిల్ ఉన్నా రెండుసార్లు ఇంజను ఆపేసింది. కావాల్సినప్పుడు పలకదు, అక్కర్లేనప్పుడు అరుస్తుంది. అయినా వైరు తెంపొద్దు. మీరు కొనే మిషన్‌లో ఎవరో ఇప్పటికే తెంపారేమో చూసుకోండి. నడుస్తుండగా మెల్లగా పక్కకి వంచితే ఆగాలి.

బాగుచేసిన పద్ధతి: ముందు ప్లగ్ తీసి, స్విచ్ ఆఫ్‌లో పెట్టి, తాడు పదిసార్లు లాగి సిలిండర్‌లో ఉన్న పెట్రోల్ కక్కించాం. ఆరుబయట, దగ్గర్లో నిప్పు లేకుండా. నీడిల్ ఒక్కటే మారిస్తే చాలదు, అది కూర్చునే ఇత్తడి సీటు ఈ రకంలో బాడీలోనే నొక్కి ఉంటుంది, విడిగా రాదు. చెన్నైలో విడిభాగాల షాపులుండే జీపీ రోడ్డులో కార్బ్యురేటర్ మొత్తం కొన్నాం. బిగించే ముందు తలకిందులుగా పట్టుకుని పెట్రోల్ వచ్చే గొట్టంలో ఊదితే గాలి పోకూడదు, మామూలుగా తిప్పితే పోవాలి. పాతదాంట్లో రెండు వైపులా పోయింది. కొత్త ఆయిల్ పోసి పావుగంట నడిపి దించేసి మళ్లీ 600 పోశాం. మొదట దించినదాంట్లో వెండి జాడ కనిపించింది, రెండోదాంట్లో తక్కువ. లోపల అరుగుదల ముదిరితే వచ్చే టకటక శబ్దం ఇంకా రాలేదు.

ఇప్పుడు దీని నిజం బయటపడింది: 25 గంటలకు 80 మి.లీ. తాగుతుంది. వాడిన ఇంజనుకి అది ఘోరం కాదు, కానీ ప్రతి ఎనిమిది గంటలకూ చూడాల్సిందే. ఆపే పద్ధతి కూడా మారింది. లోడు తీసేసి, పెట్రోల్ ట్యాప్ మూసి, గిన్నెలో ఉన్నది అయిపోయి తనంతట తానే ఆగేదాకా వదిలేస్తాం. డిప్‌స్టిక్ తీసినప్పుడల్లా ముక్కు దగ్గర పెడతాం, ఒక చుక్క టిష్యూ పేపర్ మీద వేస్తాం. మామూలు ఆయిల్ మచ్చ మెల్లగా పాకుతుంది. పెట్రోల్ కలిస్తే చుట్టూ లేత వలయం వేసుకుని చకచకా పరుచుకుంటుంది.

కొనొచ్చా అంటే, మా ఇంటికి ఏడాదికి డెబ్భై, ఎనభై గంటల పని, అదీ ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. ఆ 16,000 గురించి బాధ లేదు. రోజూ నాలుగు గంటలు నడపాల్సిన టిఫిన్ సెంటర్‌కైతే ఇదే మిషన్ నేను చెప్పను. స్పానర్ పట్టే అలవాటు ఇంట్లో ఎవరికీ లేకపోతే కూడా కాస్త ఆలోచించండి, ఎందుకంటే ఆ మెకానిక్ మాట విని ఉంటే ఇంజను బోరు అయ్యేది, కార్బ్యురేటర్ అలాగే కారుతుండేది.