మూడుల్ చర్చా వేదిక: 180 మంది ఉన్న కోర్సులో ఏడాది వాడిన తరువాత

హైదరాబాదులోని ఒక శిక్షణ సంస్థ ఉపాధ్యాయుల కోసం నడిపే 12 వారాల ఆన్‌లైన్ కోర్సులో నేను ఏడాదిగా బోధిస్తున్నాను. ఒక్కో విడతలో సుమారు 180 మంది చేరుతారు. వీరిలో ఎక్కువ మంది పగలంతా బడిలో పాఠాలు చెప్పి, ఇంటిపని ముగించుకొని, రాత్రి తొమ్మిది దాటాక చర్చలోకి వస్తారు కనుక, తెల్లవారేసరికి నలభై, యాభై కొత్త సందేశాలు వచ్చి ఉండడం మాకు మామూలే. కోర్సు నడిచేది ఆన్‌లైన్ పాఠాలు, పరీక్షలు, చర్చలు నడిపే మూడుల్ అనే సాఫ్ట్‌వేర్ మీద. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియామాస్ రూపొందించిన ఈ సాఫ్ట్‌వేర్ తొలి వెర్షన్ 2002లో వచ్చింది. దీనిని ఎవరైనా ఉచితంగా తీసుకొని తమ సర్వర్లో పెట్టుకోవచ్చు. పాఠాలు, పరీక్షలు, మార్కుల సంగతి ఇక్కడ రాయడం లేదు. ఇంతమంది రాసే సందేశాలలో ఏదీ చేజారకుండా చూసుకోవడానికి ఇది ఎంతవరకు పనికొస్తుందన్నదే నా విషయం.

మొదటి విడతలో నాకు ఎదురైనది చెప్పాలి. సంస్థవారు చర్చా విభాగాలన్నింటికీ సబ్‌స్క్రిప్షన్‌ను తప్పనిసరి చేసి ఉంచారు. అంటే ఎవరు ఏది రాసినా అది విడి మెయిల్‌గా అందరికీ చేరుతుంది, దాని నుంచి తప్పుకునే వీలు ఎవరికీ ఉండదు. రెండో వారానికి నా ఇన్‌బాక్స్‌లో ‘ధన్యవాదాలు మేడమ్’, ‘నాకూ అదే డౌట్’ అన్న మెయిళ్ళే వందల్లో పేరుకున్నాయి. ఖమ్మం జిల్లా నుంచి ఒక ఉపాధ్యాయిని వ్యాసం గడువు గురించి మూడుసార్లు అడిగారు. మూడోసారి ఆమె రాసిన ‘మేడమ్, నా ప్రశ్న మీకు కనిపించడం లేదా?’ అన్న వాక్యం చదివినప్పుడు, తప్పు ఆమెది కాదనీ, మేము సెట్టింగులు చూసుకోకుండా కోర్సు మొదలుపెట్టామనీ నాకు అర్థమైంది.

ఆ రాత్రి కూర్చొని ప్రొఫైల్‌లోని ప్రాధాన్యతలన్నీ ఒక్కొక్కటిగా చదివాను. మెయిళ్ళ బాధకు మందు డైజెస్ట్, అంటే రోజు సందేశాలన్నింటినీ ఒకే మెయిల్‌లో కలిపి పంపే పద్ధతి. ప్రతి సందేశం విడిగా రావాలా, రోజుకొక్క మెయిల్‌లో అన్నీ పూర్తిపాఠంతో రావాలా, శీర్షికలు మాత్రమే రావాలా అన్నది ఎవరికి వారు ఎంచుకోవచ్చు. సబ్‌స్క్రిప్షన్ తప్పనిసరి అయిన చోట కూడా ఈ ఎంపిక పనిచేస్తుంది. పైగా ఒక్కో చర్చా విభాగానికి ఒక్కో తీరు పెట్టుకోవచ్చు. నేను సందేహాల విభాగానికి పూర్తిపాఠం, పరిచయాల విభాగానికి శీర్షికలు పెట్టుకున్నాను. సర్వర్‌లో వేరుగా మార్చకపోతే డైజెస్ట్ సాయంత్రం 5 గంటలకు బయలుదేరుతుంది. అమీర్‌పేటలో మెట్రో ఎక్కి దిల్‌సుఖ్‌నగర్‌లో దిగేలోపు దానిని చదివి, ఆ రాత్రి ముందుగా ఎవరికి జవాబివ్వాలో నిర్ణయించుకోగలుగుతున్నాను. విడి మెయిళ్ళు కోరుకునేవారు మరొకటి గమనించాలి. రాసినవారు సందేశాన్ని దిద్దుకోవడానికి మామూలుగా 30 నిమిషాల గడువు ఉంటుంది, అది తీరాకే మెయిల్ వెళుతుంది. తొందరలో రాసిన మాటను వెనక్కి తీసుకునే అవకాశం కనుక ఈ ఆలస్యం మంచిదే.

అయితే మూడుల్‌లో నాకు అన్నింటికంటే విలువైనదిగా తోచింది డైజెస్ట్ కాదు, చదవని సందేశాలను గుర్తుచేసే ట్రాకింగ్. దీనిని ఆన్ చేస్తే కోర్సు మొదటి పేజీలోనే ఒక్కో చర్చా విభాగం పక్కన ఇంకా చదవనివి ఎన్ని ఉన్నాయో అంకె కనిపిస్తుంది. లోపలికి వెళితే ఏ చర్చలో ఎన్ని మిగిలాయో తెలుస్తుంది, కొత్త సందేశాలు వేరుగా మెరుస్తాయి. నలభై జవాబులున్న చర్చలో నిన్న ఎక్కడ ఆపానో వెతుక్కునే శ్రమ దీనితో పూర్తిగా పోయింది. ఇంత ఉపయోగమైన దానిని కొత్తగా చేరినవారికి మామూలుగా ఆపివేసి ఉంచడం నాకు నచ్చలేదు. మా కోర్సులో ఇది ఉందని తెలిసినవారే అరుదు.

ఇందులో ఒక మెలిక కూడా ఉంది. మెయిల్ పంపినప్పుడు ఆ సందేశాన్ని చదివినట్టుగా లెక్కించాలా వద్దా అని ప్రొఫైల్‌లో ట్రాకింగ్ ఆన్ చేసే పేజీలోనే ఒక ప్రశ్న కనిపిస్తుంది. నా ఖాతాలో ‘లెక్కించాలి’ అని ఉండడంతో, నేను తెరవనైనా తెరవని సందేశాలు చదివినవాటిలో చేరిపోయాయి. దానిని మార్చిన రోజు నుంచే ఆ అంకెను నమ్మడం మొదలుపెట్టాను.

రెండో మెలిక గడువుకు సంబంధించినది. మామూలు అమరికలో 14 రోజులు దాటిన సందేశం మనం చూసినా చూడకపోయినా చదివినదిగానే పరిగణన పొందుతుంది. దసరా సెలవులకు ఊరు వెళ్ళి వచ్చేసరికి పాతవన్నీ చదివినట్టే కనిపిస్తే, వాటిలో జవాబు దొరకని ప్రశ్నలేవో ఎలా తెలుస్తుంది? సైటు నిర్వాహకులు ఈ గడువును పెంచగలరు. మాకు పెంచి ఇచ్చారు కూడా. అది కుదరని చోట నక్షత్రం గుర్తు ఆదుకుంటుంది. 2019లో వచ్చిన 3.7 వెర్షన్ నుంచి ఏ చర్చకైనా నక్షత్రం పెట్టుకోవచ్చు. అది మన జాబితాలో మాత్రమే పైకి చేరుతుంది, ఇతరుల జాబితా మారదు. జవాబు బాకీ ఉన్న ప్రతి చర్చకూ నేను నక్షత్రం పెడతాను, జవాబు రాశాక తీసేస్తాను.

వెతుకులాట విషయంలో తెలుగువారు ఒక చిన్న మెలకువ నేర్చుకోవాలి. ‘వ్యాసం’ అని వెతికితే ‘వ్యాసానికి’, ‘వ్యాసాలు’ అని రాసిన సందేశాలు రావు. చివరి సున్నా తీసేసి ‘వ్యాస’ అని వెతికితే అన్నీ వస్తాయి. ఇలా సున్నాతో ముగిసి, విభక్తులతో రూపం మారే మాటలకు ఎక్కువగా ఇదే పద్ధతి పనిచేస్తుంది. అయితే ‘సార్, చిన్న డౌట్’ అని శీర్షిక పెట్టినవారి సందేశాన్ని పేజీలో చూసి గుర్తుపట్టడానికి ఏ సాఫ్ట్‌వేరూ సాయపడదు కనుక, శీర్షికలో వారం సంఖ్య, పాఠం పేరు రాయమని మొదటి రోజే కోరుతున్నాను.

ఫోన్‌లో చదివేటప్పుడు జవాబులు ఒకదాని కింద ఒకటి లోపలికి జరుగుతూ పోయి, చివరికి ఒక్కో వరుసలో రెండు మూడు మాటలే మిగులుతాయి. అప్పుడు జవాబులన్నీ లోపలికి జరగకుండా, పాతవి ముందు వచ్చే అమరికకు మారడం మేలు.

మా విద్యార్థులు పక్కనే ఒక వాట్సాప్ గ్రూపు కూడా పెట్టుకున్నారు. అక్కడ జవాబు నిమిషంలో వస్తుంది, నిజమే. కానీ మంగళవారం ఒకరికి చెప్పిన జవాబు శుక్రవారానికి శుభోదయం బొమ్మల కింద పడి కనిపించదు, అదే ప్రశ్న మళ్ళీ పదిమంది అడుగుతారు. మూడుల్‌లో ఆ చర్చ లింకు ఒక్కటి పంపితే చాలు.

ముప్ఫై మంది ఉన్న తరగతికి ఇన్ని అమరికలు అవసరం లేదు. వంద దాటితే మాత్రం నేను నిస్సందేహంగా దీనినే సిఫారసు చేస్తాను, నిర్వాహకులు మొదటి వారానికి ముందే సబ్‌స్క్రిప్షన్ తీరు సరిచేయాలన్న షరతుతో. ప్రస్తుత విడతలో మేము ప్రకటనలకు తప్ప మిగిలిన విభాగాలకు తప్పనిసరి సబ్‌స్క్రిప్షన్ తీసివేశాం. ట్రాకింగ్ ఆన్ చేసుకోవడం, డైజెస్ట్ ఎంచుకోవడం ఎలాగో తెలుగులో స్క్రీన్‌షాట్లతో ఒక పేజీ రాసి, మొదటి పాఠం కంటే ముందు ఉంచాం. ఖమ్మం ఉపాధ్యాయిని ఈ విడతలో తోటివారికి సాయపడే సహాయకురాలిగా ఉన్నారు. ఆ పేజీని మొదట చదివి, ఫోన్‌లో కనిపించని రెండు బటన్లను గుర్తించి నాకు చెప్పింది ఆమే.